తోడు తొక్కే సైకిలు

పిల్లలూ, సైకిలు తొక్కడం వచ్చినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఉదయం పూట చదునైన రోడ్డు మీద, గాలి వీపుకు తగులుతూ ఉంటే, సైకిలు దానంతట అదే పరుగెత్తుతున్నట్లు ఉంటుంది. సాయంత్రం అదే రోడ్డు మీద ఎదురుగాలికి తిరిగి వస్తూ ఉంటే కాళ్లు పీకుతాయి, నోరు ఎండిపోతుంది, ఇల్లు ఎంతకీ రాదు. సైకిలు అదే, రోడ్డు అదే, తొక్కే మనిషీ అతడే. మరి మారిందేమిటి?

సైకిలుకు ముగ్గురు విరోధులున్నారు. మొదటి విరోధి ఎదురుగాలి. రెండవది ఎత్తు. మూడవది బరువు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు ఎదురైనా ఎలాగో ఓర్చుకోవచ్చు. ఇద్దరు కలిసి వచ్చారంటే పెద్దవాళ్లు, "ఇక సైకిలు నావల్ల కాదు" అని దానిని గోడకు ఆనించేస్తారు. కొనగలిగినవాళ్లు స్కూటరు కొంటారు. కొనలేనివాళ్లు బస్సు కోసం కాచుకుంటారు. బస్సు రాని ఊరయితే ఆ పనే మానుకుంటారు. ఏడెనిమిది కిలోమీటర్ల దూరానికి జడిసి మంచి ఉద్యోగాన్నీ, మంచి కాలేజీనీ వదులుకున్నవాళ్లు మన ఊళ్లలో లేకపోలేదు.

అటువంటి వారికి ఈనాడు ఒక సాయం దొరికింది. అదే విద్యుత్ సైకిలు. అది ఎలా పనిచేస్తుందో, ఎంత పని చేస్తుందో, దానితో ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుసుకుందాం.

మొదట మనిషి బలం ఎంతో చూద్దాం. పది లీటర్ల నీళ్లు పట్టే చేదతో మీరు బావిలోంచి నీళ్లు తోడుతున్నారనుకోండి. చేద సెకనుకు ముప్పావు మీటరు చొప్పున పైకి వస్తూ ఉంటే, మీరు సుమారు 75 వాట్ల లెక్కన పని చేస్తున్నారన్నమాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒక గంటసేపు ఆగకుండా చేయగల పని సుమారుగా ఇంతే. చదునైన రోడ్డు మీద మామూలు వేగంతో సైకిలు తొక్కడానికి ఇది సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఎత్తు వచ్చింది. నూరు మీటర్లు పోయేసరికి రోడ్డు అయిదు మీటర్లు పైకి లేచింది. విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ ఇటువంటి రోడ్లు చాలా ఉన్నవి. మనిషి, సైకిలు, కూరల సంచీ కలిసి 100 కిలోలు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ బరువును పైకెత్తడానికే సుమారు 136 వాట్లు కావాలి. మనవద్ద ఉన్నది 75. అందుకే మనిషి దిగి సైకిలును తోసుకుంటూ పోతాడు. ఇది సోమరితనం కాదు, లెక్క!

తక్కువ పడిన ఆ కాస్త బలాన్నీ విద్యుత్ సైకిలులోని మోటారు ఇస్తుంది. మన దేశంలో ఇటువంటి సైకిళ్ల మోటారు 250 వాట్లకు లోపుగా ఉంటుంది. అంటే అశ్వశక్తిలో మూడవ వంతు అన్నమాట. చూడబోతే చిన్నదే. అయినా మీ వెనుక మరి ముగ్గురు మనుషులు కూర్చుని తామూ పెడలు తొక్కుతున్నంత సాయం అది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1895లోనే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనుక చక్రం నడుమ మోటారు అమర్చిన సైకిలుకు పేటెంటు పొందాడు. కాని ఆనాటి బాటరీలు సీసంతో చేసినవి, బాగా బరువు. సైకిలుకు సాయం చేయడానికి తెచ్చిన బాటరీయే సైకిలుకు భారమయింది! లిథియం అయాన్ బాటరీలు 1991లో జపానులో మొదటిసారిగా అమ్మకానికి వచ్చాయి. సీసం బాటరీ పది కిలోల బరువుతో ఇచ్చే శక్తిని ఇవి రెండు మూడు కిలోలలోనే ఇస్తాయి. ఈ బాటరీలకు దారి వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. మనిషి తొక్కినప్పుడు తోడుగా మోటారు కూడా తొక్కే సైకిలును 1993లో జపానులోని యమహా కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఈనాడు జపానులో తల్లులు పిల్లలను ముందొకరినీ వెనకొకరినీ కూర్చోబెట్టుకుని ఇటువంటి సైకిళ్ల మీద బడికీ, బజారుకూ పోతూ ఉంటారు.

సరే, మనం తొక్కుతున్నామని మోటారుకు ఎలా తెలుస్తుంది? పెడళ్ల ఇరుసు దగ్గర ఒక చిన్న బిళ్ల ఉంటుంది. దాని చుట్టూ చిన్న చిన్న అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. పెడలు తిరిగితే బిళ్ల తిరుగుతుంది. అయస్కాంతాలు ఒకదాని తరవాత ఒకటి తన ముందు నుంచి పోతూ ఉంటే పక్కనే ఉన్న పరికరం వాటిని కనిపెట్టి, "మనిషి తొక్కుతున్నాడు" అని కబురు పంపుతుంది. అప్పుడు కంట్రోలర్ అనే పెట్టె బాటరీ నుంచి మోటారుకు విద్యుత్తు వదులుతుంది. పెడలు ఆగితే విద్యుత్తు ఆగుతుంది. బ్రేకు నొక్కినా ఆగుతుంది. కొన్ని సైకిళ్లకు స్కూటరుకున్నట్లు చేతితో తిప్పే పిడి కూడా ఉంటుంది. దానిని తిప్పితే తొక్కకుండానే పోవచ్చు.

మోటారు లోపల ఏమున్నదో తెలుసుకోవాలంటే ఒక ఆట ఆడండి. బల్ల మీద దళసరి కాగితం పరచి, దానిపైన ఒక చిన్న అయస్కాంతం పెట్టండి. కాగితం కింద ఇంకొక అయస్కాంతాన్ని జరపండి. పైనున్నది దాని వెంట పరుగెత్తుతుంది కదూ? మోటారులోనూ జరిగేది ఇదే. చక్రం నడుమ కదలకుండా ఉన్న రాగితీగ చుట్టలలో విద్యుత్తు వరసగా మారుతూ ఉంటుంది. విద్యుత్తు పారినప్పుడు తీగచుట్ట అయస్కాంతమవుతుంది. చక్రానికి అంటుకుని ఉన్న అయస్కాంతాలు ఆ వరసను వెంబడిస్తూ చక్రాన్ని తిప్పుతాయి.

ఇక బాటరీ సంగతి. 36 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బాటరీ అనుకుందాం. రెంటినీ గుణిస్తే 360 వాట్-గంటలు. కరెంటు బిల్లులో మనం చూసే ఒక యూనిటు అంటే 1000 వాట్-గంటలు. అంటే ఈ బాటరీ నిండా పట్టేది ఒక యూనిటులో మూడవ వంతు కంటె కొంచెం ఎక్కువ, అంతే. మనమూ తొక్కుతూ పోతే కిలోమీటరుకు సుమారు 10 వాట్-గంటలు ఖర్చవుతుంది. అలా 36 కిలోమీటర్లు పోవచ్చు. తొక్కకుండా కూర్చుంటే కిలోమీటరుకు 15 దాకా ఖర్చయి, 24 కిలోమీటర్లకే బాటరీ అయిపోతుంది. తొక్కేవాడికే బాటరీ ఎక్కువ దూరం సాయం వస్తుందన్నమాట.

మీ మామయ్య ఆఫీసు ఇంటికి ఏడు కిలోమీటర్లు అనుకోండి. రానూపోనూ 14. సాయంత్రం రైతుబజారుకూ, పాలకూ మరొక మూడు. మొత్తం 17 కిలోమీటర్లు. దీనికి 170 వాట్-గంటలు కావాలి. చార్జి చేసేటప్పుడు వేడి రూపంలో కొంత పోతుంది కనుక 200 అనుకుందాం. అంటే యూనిటులో అయిదవ వంతు. యూనిటు ఆరు రూపాయలైతే ఖర్చు రూపాయీ ఇరవై పైసలు! లీటరుకు 45 కిలోమీటర్లు నడిచే స్కూటరయితే, లీటరు నూరు రూపాయలని వేసుకున్నా, అదే దూరానికి 38 రూపాయలవుతుంది.

అయితే దుకాణదారు ఇంతవరకే చెప్పి ఊరుకుంటే మీరు ఊరుకోకండి. బాటరీ కలకాలం ఉండదు. కొన్ని వందలసార్లు చార్జి చేసిన తరవాత దాని పట్టు తగ్గుతుంది. కొత్త బాటరీకి 12,000 రూపాయలు, అది 600 సార్లు చార్జికి వస్తుంది అనుకుంటే, ఒక్కొక్క చార్జికి 20 రూపాయలు కలపాలి. ఒక చార్జితో 36 కిలోమీటర్లు కనుక, 17 కిలోమీటర్లకు తొమ్మిదిన్నర రూపాయలు. కరెంటుతో కలిపి పదకొండు రూపాయల లోపు. ఇదీ అసలు లెక్క. అయినా స్కూటరు కంటె చవకే.

"కరెంటు కూడా బొగ్గు మండించే కదా తయారుచేస్తారు?" అని మీలో తెలివిగలవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. రామగుండంలోనూ, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోనూ ఉన్న కేంద్రాలలో బొగ్గు మండించే కరెంటు తీస్తారు. అక్కడ ఒక యూనిటు కరెంటు తీయడానికి సుమారు మూడు యూనిట్ల వేడి కావాలి. మామయ్య వాడిన అయిదవ వంతు యూనిటుకు ముప్పాతిక యూనిటు వేడి అనుకుందాం. స్కూటరు 17 కిలోమీటర్లకు తాగే పెట్రోలులో మూడు యూనిట్లకు పైగా వేడి ఉంటుంది. ఎందుకింత తేడా? స్కూటరు తానే నూరు కిలోల బరువు. పైగా దాని ఇంజను పెట్రోలు వేడిలో చాలా భాగాన్ని ఊరికే గాలిలోకి వదిలేస్తుంది. సైకిలు బరువు పాతిక కిలోలు. దాని మేలంతా దాని తేలికతనంలోనే ఉన్నది.

ఈ సైకిలుకు వేగం కూడా కొద్దే. గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి మోటారు సాయం ఆగిపోతుంది. మోటారు 250 వాట్లకు లోబడి, వేగం 25 కిలోమీటర్లకు లోబడి ఉంటేనే మన చట్టం దీనిని మోటారు బండిగా లెక్కించదు. రిజిస్ట్రేషనూ, లైసెన్సూ అక్కరలేదు. కొందరు ఈ కట్టును తీయించి వేగం పెంచుకుంటారు. అది చట్టానికీ విరుద్ధం, బుద్ధికీ విరుద్ధం. వేగం రెట్టింపయితే గాలిని తోయడానికి సెకనుకు ఎనిమిది రెట్లు శక్తి కావాలి. బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. సైకిలు బ్రేకులు అందుకోసం చేసినవి కావు.

బియ్యం సంచీ వంటి బరువులు వేసుకునేటప్పుడు అవి కదలకుండా వెనుక కారియరుకు తాడుతో కట్టాలి. హాండిలుకు తగిలిస్తే మలుపులో సైకిలు పక్కకు లాగుతుంది. బరువున్నప్పుడు బ్రేకు ముందుగానే పట్టాలి. తలకు హెల్మెట్ చట్టం కోసం కాదు, తల కోసం.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇంకా చెప్పవలసి ఉన్నది. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఒక ఇంట్లోనూ, విజయవాడలో ఒక ఇంట్లోనూ చార్జికి పెట్టిన విద్యుత్ స్కూటరు బాటరీలు పేలి, ఒక్కొక్క చోట ఒక్కొక్కరు చనిపోయారు. సైకిలు బాటరీ వాటికంటె చిన్నదే, కాని జాతి ఒకటే. లిథియం బాటరీలో కొద్ది చోటులో చాలా శక్తి కూరి ఉంటుంది. లోపల దెబ్బ తగిలినా, నీరు చేరినా, మరీ వేడెక్కినా ఆ శక్తి ఒక్కసారిగా బయటికి వస్తుంది. కనుక ఈ నియమాలు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి:

బాటరీతో వచ్చిన చార్జరునే వాడాలి. ఎండలో తిరిగి వచ్చిన బాటరీని చల్లారనిచ్చి చార్జికి పెట్టాలి. పడక గదిలోనూ, బయటికి పోయే గుమ్మం దగ్గరా చార్జి చేయరాదు. రాత్రంతా పెట్టి నిద్రపోరాదు. దాని మీద గుడ్డ కప్పరాదు. ఉబ్బిన బాటరీని, కింద పడి పగిలిన బాటరీని తిరిగి వాడరాదు. పిల్లలు దానిని విప్పి చూడనే చూడరాదు.

దారిలో బాటరీ అయిపోతే ఏం చేయాలి? ఏమున్నది, తొక్కుకుంటూ ఇంటికి రావడమే! పెట్రోలు అయిపోయిన స్కూటరును తోసుకుంటూ రావాలి. దీనికి పెడళ్లున్నాయి కదా. కాస్త బరువుగా తోస్తుంది, అంతే.

ఇక మీకు ఒక పని. మీ ఇంట్లో పనికి పోయే పెద్దవారిని అడిగి, వారు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో కాగితం మీద రాసుకోండి. బజారూ, రేషను దుకాణమూ, పోస్టాఫీసూ మరిచిపోకండి. కిలోమీటరుకు 10 చొప్పున వేసి, 360తో సరిచూడండి. సరిపోతే లెక్కను ఇంట్లోవాళ్లకు చూపించి, ఏమంటారో వినండి. మొత్తం దూరం ఒక కిలోమీటరు లోపే అని తేలితే మాత్రం మోటారూ వద్దు, సైకిలూ వద్దు. చెప్పులు తొడుక్కుని హాయిగా నడిచి వెళ్లమనండి.