కొంకణ తీరంలో వారం రోజుల సైకిలు యాత్ర: లెక్క కిలోమీటర్లది కాదు, ఉప్పుటేర్లది

ముంబై: పటంలో చూచినపుడు ముంబై నుంచి గోవాకు సముద్రం వెంట దారి సూటిగానే కనిపిస్తుంది. పడమట అరేబియా సముద్రం, తూర్పున సహ్యాద్రి పర్వతశ్రేణి, ఈ రెంటి నడుమ సన్నని పట్టీవలె కొంకణ ప్రాంతం. దూరం సుమారు 500 కిలోమీటర్లు కాగా, రోజుకు 75 కిలోమీటర్లు తొక్కగలిగినవారు ఏడు రోజులలో గోవా చేరవచ్చునని అంచనా వేసుకోవడం సహజమే. అయితే ఈ అంచనా మొదటి రెండు రోజులలోనే తారుమారు కావడం ఖాయం.

కారణం భూమి తీరులోనే ఉన్నది. సహ్యాద్రిపై పుట్టిన నదులు కొద్ది దూరమే ప్రవహించి పడమటి సముద్రంలో కలుస్తాయి. సంగమ స్థానాలలో అవి వెడల్పాటి ఉప్పుటేర్లుగా మారి రోడ్డును తెగగొడతాయి. రెండు ఉప్పుటేర్ల నడుమ ఎర్రరాతి పీఠభూములు ఉంటాయి. రోడ్డు నీటి అంచు నుంచి నూరు, నూటయాభై మీటర్ల ఎత్తుకు ఒక్కసారిగా ఎక్కి, మళ్లీ మరొక నీటి అంచుకు దిగుతుంది. ఒక్కొక్క రోజు ఇటువంటి ఎక్కుడుదిగుళ్లు నాలుగైదు తగులుతాయి. కావున ఈ తీరంలో వారం రోజుల యాత్రను ఆలోచించేవారు ముందుగా లెక్కించవలసింది కిలోమీటర్లను కాదు, దాటవలసిన ఉప్పుటేర్లను, ఎక్కవలసిన గుట్టలను.

ఏ నెలలో వెళ్లాలి?

జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఈ తీరంలో నైరుతి రుతుపవనాలు విజృంభిస్తాయి. రత్నగిరి ప్రాంతంలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి మాండ్వాకు నడిచే ప్రయాణికుల లాంచీలు ఆ కాలంలో నిలిచిపోతాయి. ఏప్రిల్, మే నెలలలో హాపుస్ మామిడి విరగకాచినప్పటికీ ఉక్కపోత సైకిలు తొక్కేవారికి ప్రమాదకరం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం. అందులోనూ డిసెంబరు ఆఖరి వారాన్ని విడిచిపెట్టడం మేలు. ఆ రోజులలో బీచ్ గ్రామాలన్నీ ముంబై, పుణే యాత్రికులతో నిండిపోయి బస దొరకడం దుర్లభమవుతుంది.

మజిలీల పట్టిక

ముంబై నగరం నుంచి బయటపడడమే మొదటి సమస్య. 2024 జనవరిలో ప్రారంభమైన 21.8 కిలోమీటర్ల అటల్ సేతుపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ముంబై - గోవా జాతీయ రహదారిపై లారీల రద్దీ అధికం. దాని విస్తరణ పనులు 2011లో మొదలై ఏళ్ల తరబడి సాగిన సంగతి విదితమే. కావున సముద్రమార్గమే ఉత్తమం. 2020 మార్చి నుంచి నడుస్తున్న రో-రో నౌకలో సైకిలుతో సహా ఎక్కితే సుమారు గంటలో మాండ్వా చేరవచ్చు.

అక్కడి నుంచి అలీబాగ్, రేవ్‌దండా, కాశీద్ మీదుగా మురుద్‌కు మొదటి రోజు ప్రయాణం. సిద్దీల ఏలుబడిలో ఉండి, మరాఠాలకు లొంగని జంజీరా కోట ఇక్కడ సముద్రం మధ్యనే కనిపిస్తుంది. రెండవ రోజు ఆగర్‌దండా వద్ద బల్లకట్టు ఎక్కి రాజపురి ఉప్పుటేరు దాటి దిఘీకి, అక్కడి నుంచి దివేఆగర్, శ్రీవర్ధన్‌ల మీదుగా హరిహరేశ్వర్‌కు చేరుకోవాలి. మూడవ రోజు బాగ్‌మండలా నుంచి వేశ్వీకి సావిత్రి నదిని మరొక బల్లకట్టుపై దాటి కేళ్‌శీ, ఆంజర్లే గ్రామాల మీదుగా హర్ణై మజిలీ. నాలుగవ రోజు దాభోళ్ వద్ద వాశిష్ఠీ నదిని దాటి గుహాగర్. ఐదవ రోజు తవసాళ్ నుంచి జయగఢ్‌కు శాస్త్రీ నదిని దాటి గణపతిపూళే. దీనితో ప్రధానమైన నాలుగు బల్లకట్లు పూర్తవుతాయి. ఆరవ రోజు రత్నగిరి, జైతాపూర్‌ల మీదుగా దేవ్‌గఢ్ వరకు సుదీర్ఘ ప్రయాణం. వంతెనలు ఉన్నందున బల్లకట్టు కోసం వేచి ఉండనక్కరలేదు గాని గుట్టలు మాత్రం తగ్గవు. ఏడవ రోజు మాల్వణ్.

అంటే వారం పూర్తయ్యేసరికి గోవా ఇంకా ఒక రోజు దూరంలో ఉంటుంది. మాల్వణ్ నుంచి వెంగుర్లా, 1930 ఉప్పు సత్యాగ్రహంలో పేరుపొందిన శిరోడా, రేడీల మీదుగా తెరేఖోల్ చేరి అక్కడ మరొక బల్లకట్టు దాటాలి. వారం మాత్రమే సెలవు దొరికినవారు గోవా పేరును పక్కనబెట్టి మాల్వణ్‌నే గమ్యంగా పెట్టుకోవడం వివేకం. 1664లో శివాజీ కట్టించ తలపెట్టిన సింధుదుర్గ్ కోట ఈ ఊరికి ఎదురుగానే ఉన్నది. కుడాళ్ రైల్వే స్టేషన్ కూడా సమీపమే. 1998లో ముంబై, మంగుళూరులను కలిపిన కొంకణ రైలు మార్గంలో సైకిలును లగేజీగా బుక్ చేసి వెనక్కు రావచ్చు. హైదరాబాదు నుంచి వచ్చేవారు ముంబై వరకు ఇదే పద్ధతిలో సైకిలును తెచ్చుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఈ దారిలో మురుద్ అనే ఊర్లు రెండు ఉన్నాయి. ఒకటి రాయగఢ్ జిల్లాలోని జంజీరా మురుద్, రెండవది రత్నగిరి జిల్లా దాపోలీ తాలూకాలోని మురుద్. ఒకదానికి బదులు మరొకదానిలో గది బుక్ చేసుకున్నవారికి సాయంత్రం వేళ తలదాచుకునే చోటు ఉండదు.

బల్లకట్టు తప్పితే ఏమవుతుంది?

దాభోళ్ వద్ద ఆఖరి బల్లకట్టు తప్పిపోయినవారు చిప్లూణ్ మీదుగా చుట్టి రావలసి ఉంటుంది. అది ఒక పూర్తి రోజు పట్టే దారి. తుపాను హెచ్చరికలు ఉన్నపుడు, యంత్రాలు మరమ్మతుకు వచ్చినపుడు బల్లకట్లు ఆగిపోవడం కద్దు. కావున ముందురోజు రాత్రి బస చేసిన ఇంటివారిని అడిగి మరుసటి రోజు వేళలు తెలుసుకోవడం తప్పనిసరి. ప్రతి ఉప్పుటేరును మధ్యాహ్నంలోపు దాటేటట్లు మజిలీలు నిర్ణయించుకుంటే సాయంత్రం తొందర ఉండదు.

సైకిలు, సామగ్రి

ఎక్కుడుదారులకు తక్కువ గేర్లు గల మౌంటెన్ సైకిలే ఇక్కడ అనుకూలం. గులకరాళ్లు పరచుకొన్న పల్లపు దారులలో వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు ఆదుకుంటాయి. అయితే లోతైన గాడులున్న టైర్లు తారురోడ్డుపై వేగాన్ని హరిస్తాయి. కాస్త నునుపైన టైర్లు వేయించుకోవడం మంచిది. సామానును వీపున మోయక, సైకిలు వెనుక క్యారియరుకు కట్టే సంచులలో ఉంచాలి.

మామూలు సైకిలు పంక్చర్లు వేసే దుకాణాలు తాలూకా కేంద్రాలన్నింటిలో ఉన్నవి. గేరు సైకిలు విడిభాగాలు మాత్రం దొరకడం కష్టం. రెండు ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు, గేరు తీగ, చెయిన్ లింకు, నూనె వెంట ఉండవలసిందే. ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది కనుక ప్రతి సాయంత్రం సైకిలును మంచినీటితో కడిగి, తుడిచి, చెయినుకు నూనె పెట్టాలి. 2025 సెప్టెంబరులో సైకిళ్లపై వస్తుసేవల పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం కొత్త సైకిలు కొనేవారికి కొంత ఊరట.

ఇసుక తీరాలపై సైకిలు తొక్కాలన్న ఆకర్షణను అణచుకోవాలి. వేశ్వీ సమీపంలోని వేళాస్ తదితర గ్రామాల తీరాలలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతకాలపు రాత్రులలో గుడ్లు పెడతాయి. 2002 ప్రాంతం నుంచి అక్కడి గ్రామస్థులు ఆ గూళ్లను కాపాడుతూ వస్తున్నారు. చక్రాలు, విద్యుద్దీపాలు రెండూ వాటికి హాని చేస్తాయి.

తుపాను మిగిల్చిన గాయం

ఈ యాత్ర వినోదమాత్రమే కాదు. 2020 జూన్ 3న నిసర్గ తుపాను అలీబాగ్ సమీపంలో తీరం దాటినపుడు శ్రీవర్ధన్, దివేఆగర్, దాపోలీ ప్రాంతాలలోని పోక, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పోకచెట్టు నాటిన తర్వాత కాపుకు రావడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. ఈలోగా ఇంటిలో ఒకటి రెండు గదులను అతిథులకు ఇచ్చి, 'ఘర్‌గుతీ' పేరుతో ఇంటి భోజనం పెట్టడమే అటువంటి కుటుంబాలకు చేతిలో ఉన్న ఆధారం. బియ్యపు పిండి రొట్టె, చేపల కూర, కోకం, కొబ్బరిపాలతో చేసిన సోల్‌కఢీ అక్కడి నిత్యభోజనం. సైకిలుపై వచ్చేవాడు కారులో వచ్చేవానివలె ఒక్క పూటలో పది గ్రామాలు దాటిపోడు. ప్రతి రాత్రి ఒక గ్రామంలో బస చేస్తాడు, ప్రతి గుట్ట దిగువన ఒక టీ దుకాణం వద్ద ఆగుతాడు. అతడు ఖర్చు చేసేది స్వల్పమే అయినా, ఆ సొమ్ము నేరుగా అక్కడి కుటుంబాలకు చేరుతుంది.

ఇదిలా ఉండగా ఈ దారి స్వరూపమే మారే సూచనలు కనిపిస్తున్నాయి. రేవస్ నుంచి రేడీ వరకు తీరం వెంట రహదారి నిర్మించాలన్న ఆలోచన 1980 దశకం ఆరంభంలో, ఎ.ఆర్. అంతులే మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న కాలం నాటిది. దశాబ్దాల పాటు మందకొడిగా సాగిన ఈ ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో తిరిగి ఊపందుకొని, ప్రధాన ఉప్పుటేర్లపై వంతెనల వరకు వచ్చింది. వంతెనలు పూర్తయితే రోగిని ఆసుపత్రికి చేర్చడం, చేపలను మార్కెట్టుకు పంపడం సులభమవుతుందనడంలో సందేహం లేదు. అయితే భారీ వాహనాలు అదే దారి పడితే సైకిలువానికి నేడున్న ప్రశాంతత ఉండదు. బల్లకట్లపై బ్రతికే సిబ్బంది, రేవులలోని దుకాణదారులు వేరే జీవనోపాధి వెదుక్కోవలసి వస్తుంది.

కావున బయలుదేరదలచినవారు ఎక్కువ కాలం ఆలస్యం చేయకపోవడమే మంచిది. ఆరు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులైనా ఎత్తైన దారులపై సాధన చేసి, కనీసం ఒక ఖాళీ రోజును చేతిలో ఉంచుకొని, ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురుగా బయలుదేరినవారికి ఈ తీరం నిరాశ కలిగించదు.