కవాటాలు తెరిచే వేళ

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలలో కొందరికి కారు కేవలం ప్రయాణ సాధనం కాదు. పాత కారు ఒకటి చౌకగా కొని, గరాజులో దాని ఇంజన్ విప్పి, మునుపటికన్న శక్తిమంతంగా తిరిగి కూర్చాలన్నది వారి ఉత్సాహం. చదువు వెనుకబడుతుందేమోనని తల్లిదండ్రులు బెంగపడటం సహజమే. కాని ఆ పనిలోని ఒక ఘట్టాన్ని శ్రద్ధగా చేసినవారికి పాఠ్యపుస్తకంలోని భౌతిక, రసాయన శాస్త్రాలు చేతికి అందివస్తాయి. అశ్రద్ధ చేస్తే వేసవి అంతా పడిన శ్రమ, కూడబెట్టిన డాలర్లు బూడిదలో పోసిన పన్నీరవుతాయి. ఆ ఘట్టమే క్యామ్‌షాఫ్ట్ కాలనిర్ణయం.

రెండు ద్వారాలు, ఒక ఇరుసు

1876లో జర్మనీలో నికొలౌస్ ఆటో రూపొందించిన నాలుగు ఘాతాల పద్ధతిలోనే నేటికీ పెట్రోలు కార్లు నడుస్తున్నాయి. పిస్టన్ దిగుతూ గాలి, ఇంధనాల మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. లేస్తూ దానిని అదుముతుంది. మిశ్రమం మండినప్పుడు ఆ పీడనానికి మళ్ళీ దిగుతుంది. చివరకు పైకి వస్తూ కాలిన వాయువులను వెళ్ళగొడుతుంది. లోనికి రావడానికి ప్రవేశ కవాటం, వెలుపలికి పోవడానికి నిర్గమ కవాటం ఉంటాయి. క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీది కోడిగుడ్డు ఆకారపు మిట్టలు వీటిని తెరుస్తాయి. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఈ రెండింటి నడుమ ఉండవలసిన కోణాన్ని సరిగా అమర్చడమే మనం చెప్పుకుంటున్న పని.

పిస్టన్ ఊర్ధ్వ బిందువు చేరగానే ప్రవేశ కవాటం తెరిచి, అధో బిందువు చేరగానే మూస్తే సరిపోదా? గాలికి బరువు లేకపోతే సరిపోయేది. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి సెకండులో నూరవ వంతు చాలు. కవాటం 250 డిగ్రీల మేర తెరిచి ఉన్నా, మిశ్రమానికి దొరికే వ్యవధి సుమారు 7 మిల్లీసెకండ్లే. అయితే గొట్టంలో వేగంగా పరుగెత్తుతున్న వాయువు, ఒరవడి మీద ఉన్న కాలువ నీటివలె, వెంటనే ఆగదు. పిస్టన్ పైకి తిరిగిన తరువాత కూడా కొంతసేపు లోనికి చొరబడుతూనే ఉంటుంది. అందుకే ప్రవేశ కవాటాన్ని అధో బిందువు దాటిన తరువాతనే మూస్తారు. వేగం తక్కువైతే ఆ ఒరవడి ఉండదు. అప్పుడు పిస్టన్ అదే మిశ్రమాన్ని వెనుకకు నెట్టివేస్తుంది. ఒక వేగానికి మేలు చేసే అమరిక మరొక వేగానికి కీడు చేయడానికి కారణమిదే.

సంధికాలంలోని రసాయనం

నిర్గమ కవాటం పూర్తిగా మూసుకోకముందే ప్రవేశ కవాటం తెరుచుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండే ఈ సంధికాలంలో, వేగం ఎక్కువగా ఉంటే, బయటకు దూసుకుపోయే వాయువులు తమ వెనుక పీడనాన్ని తగ్గించి కొత్త మిశ్రమాన్ని లోనికి లాగుతాయి. వేగం తక్కువైతే కాలిన వాయువులే వెనుకకు వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తాయి. వీటిలోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, నత్రజని మండవు సరికదా, వేడిని తాము పీల్చుకొని జ్వాల వ్యాప్తిని మందగింపజేస్తాయి. పందెపు కారు ఇంజన్ నిలకడగా నడవక కుదుపులతో గురగురలాడటానికి ఇది ముఖ్య కారణం. ఇట్లా సగం మండిన ఇంధనం పొగగొట్టంలో హైడ్రోకార్బన్ల రూపంలో బయటపడుతుంది. అమెరికాలో రహదారి మీద నడిపే కారులో కాలుష్య నియంత్రణ అమరికలను చెడగొట్టడం చట్టవిరుద్ధమని పిల్లలకు ముందే చెప్పాలి.

ఒకే క్యామ్‌షాఫ్ట్ ఉన్న ఇంజన్‌లో ఈ సంధికాలం నిడివి తయారీలోనే నిశ్చయమైపోతుంది. కూర్చేవారు చేయగలిగినది కాలపట్టిక మొత్తాన్ని కొద్ది డిగ్రీలు ముందుకో వెనుకకో జరపడమే. ముందుకు జరిపితే ప్రవేశ కవాటం త్వరగా మూసుకొని తక్కువ వేగంలో లాగుడు శక్తి పెరుగుతుంది. వెనుకకు జరిపితే ఆ బలం ఎక్కువ వేగాల వైపు మళ్ళుతుంది.

గుర్తులను నమ్మరాదు

పళ్ళచక్రాల మీది చుక్కలు కలిపితే చాలుననుకుంటారు చాలామంది. కాని క్యామ్, చక్రం, గొలుసు, తాళపు గాడి వీటన్నిటి స్వల్ప దోషాలు కూడితే కొన్ని డిగ్రీల తేడా రావచ్చు. క్యామ్ పైభాగంలో ఉండి బెల్టుతో తిరిగే ఇంజన్లలో, సిలిండర్ హెడ్‌ను చిత్రిక పట్టినప్పుడు దూరం తగ్గి క్యామ్ వెనుకబడుతుంది. కనుక కొలిచి చూడాలి.

షెవ్రొలే సంస్థ 1955లో ప్రవేశపెట్టిన స్మాల్ బ్లాక్ వి-8 వంశంలోని 350 ఘనాంగుళాల ఇంజన్‌ను తీసుకుందాం. ముందుగా క్రాంక్‌షాఫ్ట్‌కు డిగ్రీల చక్రం బిగించి అసలైన ఊర్ధ్వ బిందువును కనుగొనాలి. కంటితో అది అసాధ్యం. అక్కడ క్రాంక్ 2 డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది సుమారు 0.035 మిల్లీమీటర్లే. అందువల్ల పిస్టన్‌కు పైన ఒక అడ్డు బిగించి, క్రాంక్‌ను చేతితో రెండు వైపులా అది తగిలేవరకు తిప్పుతారు. ఒకవైపు 18, మరొకవైపు 22 వస్తే, రెండువైపులా 20 వచ్చేట్లు సూచికను సవరిస్తారు. రెండు వైపుల నుంచి కొలిచి సగటు తీసుకోవడం ప్రయోగశాలలోనూ దోషాన్ని తొలగించే మార్గమే.

తరువాత ప్రవేశ కవాటపు మిట్ట మీద డయల్ ఇండికేటర్ ఉంచాలి. శిఖరానికి 0.050 అంగుళం ముందు 72, శిఖరం దాటి అంతే దిగినప్పుడు 144 డిగ్రీలు కనిపిస్తే, మధ్యరేఖ 108. క్యామ్‌తో వచ్చిన పత్రం 106 అని చెబుతుంటే, క్యామ్ 2 డిగ్రీలు ఆలస్యంగా ఉన్నదన్నమాట. దీనిని వేర్వేరు గాడులున్న చక్రంతో సరిదిద్దుతారు. కొలిచేటప్పుడు ఇంజన్ నడిచే దిశలోనే తిప్పాలి. లేకుంటే గొలుసు వదులు లెక్కను తప్పిస్తుంది.

చివరి పరీక్షకు పిల్లలు ఆడుకునే బంకమట్టి చాలు. పిస్టన్ తల మీద మట్టి పరచి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేతితో మెల్లగా రెండు చుట్లు తిప్పి, విప్పి, కవాటం నొక్కిన చోట మట్టి మందం కొలవాలి. ప్రవేశ కవాటం వద్ద కనీసం 0.080, నిర్గమ కవాటం వద్ద 0.100 అంగుళం ఖాళీ ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. అది లేకపోతే, పూర్తి వేగంలో కవాటం పిస్టన్‌ను తాకి వంగిపోతుంది. తరచు ఇంజనే ముక్కలవుతుంది. తిప్పేటప్పుడు ఏదైనా అడ్డు తగిలితే బలవంతం చేయరాదు.

అన్ని వేగాలకూ ఒకే అమరిక సరిపడదన్న చిక్కును విప్పడానికి ఆల్ఫా రోమియో సంస్థ 1980లో, హోండా 1989లో కవాటాల కాలాన్ని నడకలోనే మార్చే ఇంజన్లను తెచ్చాయి. ఇప్పుడు అటువంటివి సర్వసాధారణం. పాత ఇంజన్‌లో మాత్రం ఆ ఎంపిక ఒక్కసారే, గరాజులోనే జరగాలి. కారు ఏ వేగంలో ఎక్కువగా నడుస్తుందో ముందు నిర్ణయించుకొని, ఆపైన క్యామ్‌ను ఎంచుకొని, కొలిచి బిగించమని మీ పిల్లలకు చెప్పండి. వీలైతే ఆ డిగ్రీల చక్రం పక్కన మీరూ ఒక సాయంకాలం కూర్చోండి.