మచ్చ చిన్నది, మరమ్మతు పెద్దది

కొత్తగా కంకర పోసి సరిచేసిన పట్టాలపై ఏ డ్రైవరూ మొదటి రోజే బండిని పూర్తి వేగంతో పోనివ్వడు. చూపుకు దారి చక్కగానే ఉంటుంది. పట్టాల కింది కంకర మాత్రం ఇంకా కుదురుకొని ఉండదు. అందుకే ఆ చోట ఇంత వేగాన్ని మించరాదని ‘కాషన్ ఆర్డరు’ ఇస్తారు. బండ్లు మెల్లగా నడిచిన కొద్దీ కంకర బిగుస్తుంది. అప్పుడు వేగాన్ని అంచెలంచెలుగా పెంచుతారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నియమం కొత్త కాదు. అయితే ఇదే నియమం శస్త్రచికిత్స జరిగిన పొట్టకూ వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తోచదు.

పిత్తాశయంలో రాళ్ళు ఉత్తర, తూర్పు భారతంలో తరచుగా కనిపించే వ్యాధి. పురుషులకంటె స్త్రీలలో ఇది ఎక్కువ. పూర్వం దీనికి పక్కటెముకల కింద జానెడు కోత తప్పేది కాదు. 1985లో ఎరిక్ మ్యూహె అనే జర్మన్ వైద్యుడు చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్ని తొలగించినప్పుడు సాటి శస్త్రవైద్యులు ఆయనను మెచ్చుకోకపోగా ఆక్షేపించారు. 1990లో బొంబాయిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా ఈ పద్ధతిని మన దేశంలో ప్రవేశపెట్టారు. నేడు మూడు నాలుగు రంధ్రాలతో పని ముగుస్తుంది. రోగి తరచుగా ఒకటి రెండు రోజులలోనే ఇల్లు చేరుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. నింపురా రైల్వే క్వార్టర్సులో ఒక గృహిణిని ఊహించుకోండి. ఆపరేషను ఆమె భర్తకు జరిగి ఉంటే రైల్వే డాక్టరు ‘సిక్’లో ఉంచుతాడు, ‘ఫిట్’ సర్టిఫికెట్ లేనిదే వర్క్‌షాపులో ఎవరూ అతణ్ణి సుత్తి పట్టనివ్వరు. ఆమెకు అటువంటి సర్టిఫికెట్ లేదు. మూడవ రోజున, శ్రీకాకుళం నుండి చూడవచ్చిన చుట్టాలు, “చిన్న ఆపరేషనేగా!” అంటారు. ఆమె లేచి నీళ్ళ బకెట్టు ఎత్తుతుంది.

పైచర్మం వారం పది రోజులలో అతుక్కుంటుంది. లోపల కండరాలను కప్పి ఉంచే దృఢమైన పొర అంత త్వరగా కోలుకోదు. తెగిన కణజాలానికి మూడు వారాలకు తిరిగి వచ్చే బలం పూర్వబలంలో మూడవ వంతుకు లోపే. నూటికి ఎనభై పాళ్ళు రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా బరువెత్తితే పొట్టలో ఒత్తిడి పెరిగి, బొడ్డు దగ్గరి రంధ్రం గుండా పేగు పొడుచుకువచ్చే ప్రమాదం ఉంది. నిండు బకెట్టు పదిహేను కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు ముప్పై. డాక్టరు అనుమతించేవరకు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకపోవడం మేలు.

అలాగని మంచానికే అంటుకొని ఉండడమూ హానికరమే. కదలని కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. ఊపిరితిత్తులలో కఫం చేరవచ్చు. త్వరగా లేచి నడిచిన రోగులు త్వరగా కోలుకుంటారని 1990 దశకంలో డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కేలెట్ కృషి వల్ల వైద్యలోకం గ్రహించింది. కనుక నడక ఆపరేషను నాడే ఆరంభం కావాలి.

ఎంత నడవాలి? 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. మొదటి వారంలో దానిని ఒక్క ఊపున దాటవలసిన అవసరం ఎవరికీ లేదు. మంచం నుండి వరండా వరకు ఐదేసి నిమిషాలు, రోజుకు ఐదారు మార్లు చాలు. అలసట రాకముందే ఆగాలి. మరునాడు ఉదయం నొప్పి పెరగకపోతే కొంచెం పెంచాలి. పెరిగితే ఒక మెట్టు దిగాలి. ఒంట్లో బాగున్న రోజునే నాలుగు రోజుల పని చేసివేయడం, మరునాడు మూలుగుతూ పడుకోవడం చాలామంది చేసే పొరపాటు.

భుజం నొప్పికి భయపడనక్కరలేదు. ఆపరేషనులో పొట్టను ఉబ్బించడానికి ఎక్కించిన బొగ్గుపులుసు వాయువు కొంత మిగిలి, రొమ్మునూ పొట్టనూ వేరుచేసే పొరను రేపడమే దానికి కారణం. కొద్ది రోజులలో అది తగ్గుతుంది. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి చేయి ఊని లేవాలి. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదుముకోవాలి. పప్పు తింటే చీము పడుతుందన్న మాటకు ఆధారం లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి.

జ్వరం, నానాటికీ పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్ళలో పసుపు, గాయంలో చీము, ఒక పిక్క వాచడం, ఆయాసం—వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీళ్ళు ఎవరు మోయాలి, వంట ఎవరు చేయాలి అన్నది ఆపరేషనుకు ముందే ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోవడం మంచిది. గృహిణికి ‘సిక్’, ‘ఫిట్’ సర్టిఫికెట్లు ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. ఆ కాషన్ ఆర్డరు ఇంటివారే ఇవ్వాలి. గడువు తీరేవరకు దానిని వారే పాటించి చూపాలి.