క్రియాటినిన్ జబ్బు పేరు కాదు

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి ఖమ్మం ఆస్పత్రులకు వచ్చే మూత్రపిండాల రోగులను జబ్బేమిటని అడిగితే, "క్రియాటినిన్ అండీ" అంటుంటారు. అది జబ్బు పేరు కాదు. కండరాల్లో తయారయ్యే మలినం. మూత్రపిండాలు వడపోసి బయటకు పంపాలి. పెద్దవాళ్లకు నూరు మిల్లీలీటర్ల రక్తంలో మామూలుగా 1.2 మిల్లీగ్రాములు మించదు. తిరకాసల్లా ఇక్కడే ఉంది. మూత్రపిండాల శక్తి ఇంచుమించు సగం పోయేదాకా ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు! కనుక మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. మూత్రం నురగ కడుతుంటే ఏడాది ఆగనక్కరలేదు.

జబ్బు ముదిరిన రోగికి చలవ చేస్తుందని కొబ్బరినీళ్లు పట్టకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులోనూ సాధారణంగా కలిపేది పొటాషియమే.

అడవి అంచున ఉండేవారికి ప్రత్యేకంగా ఒక మాట. నాటువైద్యంలో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అదే జాతి మొక్క కలిసిన సన్నబడే మందు తిన్న స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయని 1993లో బెల్జియం వైద్యులు బయటపెట్టారు. వేరేగా, ఏం చేస్తుందిలే అనుకోకండి. పాము కరిస్తే ఆస్పత్రికే పరుగెత్తండి. ఒళ్లునొప్పులకని రోజూ మింగే డైక్లోఫెనాక్ బిళ్ల కూడా మూత్రపిండాలకు చేటే.

డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసన పట్టుకెళ్లండి. ఆ అంకె ఎంత ఉందన్నదే కాదు, ఎంత వేగంగా పెరిగిందో కూడా ఆయన చూడాలి.