నెలకు 284 రూపాయల బీడీ, ఏటా 80 వేల కోట్ల నష్టం

రోజూ బీడీ కాల్చే మనిషి మన దేశంలో దానికోసం 2016-17లో నెలకు సగటున 284 రూపాయలు పెట్టేవాడు. రోజూ సిగరెట్ కాల్చేవారికి అదే ఖర్చు 1,192 రూపాయలు. కేంద్ర ఆరోగ్యశాఖ ఆ ఏడాది జరిపించిన వయోజనుల పొగాకు సర్వే తేల్చిన లెక్క ఇది. కూలీలు, చిన్న రైతులు, ఆటో నడిపేవాళ్లు బీడీని పట్టుకోవడానికి ఈ తేడా ఒక పెద్ద కారణం. కానీ కొట్లో ఇచ్చే డబ్బు బీడీ ఖరీదులో చిన్న భాగమే. మిగతాది ఆసుపత్రి బిల్లుల్లో, పోయిన కూలిరోజుల్లో, తరిగిపోయిన ఆయుష్షులో ఇంటిల్లిపాదీ కట్టుకుంటున్నారు.

ఎంతమంది?

అదే సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం మంది, అంటే దాదాపు 26.7 కోట్ల మంది, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 20 మంది, తెలంగాణలో దాదాపు 18 మంది. దేశం మొత్తమ్మీద పొగ తాగేవారికన్నా ఖైనీ, గుట్కా లాంటివి నమిలేవారే ఎక్కువ. పొగ తాగేవారిలో మాత్రం పెద్ద వాటా బీడీదే. వయోజనుల్లో 4 శాతం సిగరెట్ కాలుస్తుంటే, 7.7 శాతం మంది, సుమారు 7.2 కోట్లు, బీడీ కాలుస్తున్నారు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

బీడీలో పొగాకు సిగరెట్‌లో కన్నా తక్కువ. అందుకే హాని కూడా తక్కువేనని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. బీడీ చుట్టే తునికాకు గుండా గాలి ఆడదు, పీల్చకపోతే బీడీ ఆరిపోతుంది. కాబట్టి ఎక్కువసార్లు, గట్టిగా దమ్ము లాగాల్సి వస్తుంది. ఫిల్టర్ ఉండదు. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ మోతాదులో చేరతాయి.

దేశమంతటా 11 లక్షల ఇళ్లలో మరణాల వివరాలు సేకరించిన పరిశోధన ఒకటి 2008లో ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. బీడీ కాల్చే మగవారికి ఆయుష్షు సుమారు 6 ఏళ్లు, ఆడవారికి సుమారు 8 ఏళ్లు తగ్గుతోందని, సిగరెట్ కాల్చే మగవారికి 10 ఏళ్లు తగ్గుతోందని అందులో తేలింది. సిగరెట్‌తో పోలిస్తే నయమే కదా అనిపించవచ్చు. కానీ పోయే ఆ ఆరేళ్లలో చాలామందికి సంపాదించే వయసే ఉంటుంది. పిల్లల చదువు, పెళ్లి, ఇంటి అప్పు అన్నీ ఆ ఏళ్లమీదే ఆధారపడి ఉంటాయి.

ఇందులో క్షయ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొగ తాగనివారితో పోలిస్తే, తాగే మగవారికి క్షయతో చనిపోయే ముప్పు 2.3 రెట్లు, ఆడవారికి 3 రెట్లు. రోజుకు నాలుగైదే కదా అన్న ధీమా కూడా చెల్లదు. కొద్దిగా కాల్చినవారిలోనూ మరణాలు పెరిగాయి.

డబ్బు ఎటు పోతోంది?

బీడీవల్ల వచ్చే జబ్బులు, అకాల మరణాలతో 2017లో దేశానికి కలిగిన నష్టం 80,550 కోట్ల రూపాయలని ఆర్థికవేత్తల అంచనా. జాతీయాదాయంలో ఇది దాదాపు అర శాతం. ఇందులో అయిదో వంతే నేరుగా వైద్యం ఖర్చు. మిగిలిన నాలుగు వంతులూ పని చేయలేకపోవడంవల్ల, అర్ధంతరంగా చనిపోవడంవల్ల పోయిన సంపాదన.

ఈ నష్టాన్ని 7.2 కోట్ల మందికి పంచి చూడండి. తలకు ఏడాదికి సుమారు 11,200 రూపాయలు. బీడీలు కొనడానికి ఏడాదికి అయ్యేది 3,400. కొన్న ధరకు మూడింతలకు పైగా నష్టం, అదీ ఎక్కువగా రోజు కూలితో నడిచే ఇళ్లలో.

పన్నులో ఎందుకీ దయ?

2016-17లో బీడీలమీద ప్రభుత్వానికి వచ్చిన ఎక్సైజ్ సుంకం 417 కోట్లు. అంటే పన్నుగా వచ్చిన ప్రతి రూపాయికీ దాదాపు 193 రూపాయల నష్టం. పొగాకు ధరలో కనీసం 75 శాతం పన్నే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్లకు పన్నుతోపాటు సెస్సు పడింది, బీడీకి సెస్సు లేకుండా 28 శాతం పన్నే పడింది. అమ్మకపు ధరలో అది 22 శాతమే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి ఆ 28 శాతాన్ని కూడా 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

ఈ రాయితీకి చెప్పే కారణం కార్మికుల ఉపాధి. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఇళ్ల ముందు కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లను చూసినవారెవరూ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేరు. అయితే వాళ్లకు ముట్టేది వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్కన కూలి. పన్ను తగ్గినంత మాత్రాన ఆ కూలి పెరగదు. పొగాకు దుమ్ము పీల్చేదీ, చేతుల చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి ఎక్కించుకునేదీ వాళ్లే. వాళ్లకు నిజంగా అండగా ఉండేవి తెలంగాణ ఇస్తున్నటువంటి పింఛను, వైద్యం, వేరే పని నేర్పే శిక్షణ. బీడీమీద పన్ను పెంచి ఆ సొమ్మును వీటికే కేటాయించడం న్యాయం.

మానితే ఎంత మిగులుతుంది?

బ్రిటన్ వైద్యులను 1951 నుంచి 50 ఏళ్లపాటు గమనించిన ప్రసిద్ధ అధ్యయనంలో, సిగరెట్ మానేసినవారికి తిరిగొచ్చిన ఆయుష్షు ఇలా ఉంది: 30 ఏళ్లకు మానితే దాదాపు 10 ఏళ్లు, 40కి మానితే 9, 50కి మానితే 6, అరవయ్యో ఏట మానినా 3.

2016-17 సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగేవారిలో 55 శాతం మంది మానాలనే అనుకుంటున్నారు. కోరిక ఉన్నా నికోటిన్ వదలనివ్వదు, అందుకే సాయం కావాలి. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే మానే దారి చెప్పే సలహాదారులు దొరుకుతారు. మీ ఇంట్లో బీడీ కాల్చేవారుంటే తిట్టకండి, ఈ నంబరు ఇచ్చి పక్కన కూర్చుని ఫోన్ చేయించండి.