పండుగ వాళ్ళది, సెలవు మనది

2024 డిసెంబరు సెలవుల్లో మేమిద్దరం ఐరోపాలో మూడు ఊళ్ళు చూసి వచ్చిన సంగతి, క్రిందటి సమావేశంలో భోజనాల దగ్గర మాటల్లో బయటపడింది. "ఇంత చలి చాలక, ఇంకా చలిలోకి వెళ్ళారా?" అని నవ్వినవారు కొందరు. ఇద్దరు ముగ్గురు మాత్రం నన్ను పక్కకు పిలిచి వీసా సంగతీ, శాకాహారం సంగతీ ఆరా తీశారు. విడివిడిగా చెప్పే బదులు పత్రికలో వ్రాస్తే అందరికీ పనికివస్తుందని ఈ నాలుగు మాటలు. ప్రయాణం సంగతులతో పాటు నా సొంత గోడు కూడా కొంత ఉంటుంది. పాఠకులు మన్నించాలి.

ముందు ఈ ప్రయాణం ఎందుకు తలపెట్టామో చెప్పాలి. నేను ఆసుపత్రి డాక్టరును. 1991లో ఈ దేశం వచ్చాను. ఏటా నవంబరులో క్రిస్మసు డ్యూటీల కాగితం తిరుగుతుంది. ఎవరూ కలం తీయరు. "నా పేరు వ్రాయండి. క్రిస్మసు మా పండుగ కాదు గదా" అనేవాడిని. తోటివారు సంతోషించేవారు. దానికి బదులుగా వేసవిలో ఒకేసారి నాలుగు వారాల సెలవు దొరికేది. ఆ నాలుగు వారాలూ తెనాలిలో మా అమ్మానాన్నల దగ్గర గడిచేవి. మనలో చాలామంది డాక్టర్లు చేసిన బేరమే ఇది. మంచి బేరమనే అనుకున్నాను.

నాన్న ముందే పోయారు. 2022లో అమ్మ పోయింది. మరుసటి ఏడు ఇల్లు అమ్మేశాము. 2024 నవంబరులో మళ్ళీ డ్యూటీల కాగితం వచ్చిందని ఇంట్లో చెబితే, మా ఆవిడ కూర తరుగుతూ, తల ఎత్తకుండానే అన్నది: "ఈసారి మీ పేరు వ్రాయకండి. ఇన్ని క్రిస్మసులు ఆసుపత్రికిచ్చారు, ఒకటి నాకివ్వండి. ఏ ఊరైనా సరే. రైల్లో కిటికీ పక్కన నేను కూర్చోవాలి, పక్కన మీరుండాలి."

అంతకు ముందు ఆవిడ నన్ను ఏదీ అలా అడగలేదు. ఆ ఏడు నా పేరు వ్రాయలేదు.

వీసా, ఉప్మారవ్వ

నాది బ్రిటిష్ పాస్‌పోర్టు. మా ఆవిడ ఇప్పటికీ భారత పాస్‌పోర్టు వదలలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. భారత పాస్‌పోర్టుకు వీసా తప్పదు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మాకు వియన్నాలో నాలుగు రాత్రులు గనుక ఆస్ట్రియాకు పెట్టాము. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా చూపాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు. మాలాగా నవంబరులో మేలుకొని హైరాన పడకండి.

లండను సెయింట్ పాంక్రాస్ స్టేషనులో రైలెక్కక ముందే ఫ్రెంచి అధికారులు పాస్‌పోర్టులు చూస్తారు. పూర్వం ఐరోపా కూటమి వారి వరుసలో నేను ముందే బయటపడి, ఆవిడ కోసం కాచుకుని ఉండేవాడిని. 2021 నుంచి బ్రిటిష్ వారిది కూడా బయటి వరుసే. "బ్రెగ్జిట్ వల్ల మనకు జరిగిన మేలు ఇదొక్కటే, ఇద్దరం ఒకే వరుసలో నిలబడ్డాం" అని మా ఆవిడ నవ్వింది.

ఇక తిండి. బ్రిటన్ నుంచి ఐరోపా కూటమి దేశాలకు వెళ్ళే ప్రయాణికులు మాంసమే కాదు, పాల పదార్థాలు కూడా వెంట తీసుకువెళ్ళకూడదు. అంటే పెరుగన్నం డబ్బాకు సెలవు! మా ఆవిడ దానికి ఉపాయం చేసింది. బొంబాయి రవ్వను నేతితో కాకుండా నూనెతో, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి తిరగమోత పెట్టి దోరగా వేయించి సీసాలో పోసింది. హోటలు గదిలో కెటిలుతో నీళ్ళు మరగబెట్టి, ఆ రవ్వ మీద పోసి, ఉప్పు కలిపి పది నిమిషాలు మూత పెడితే ఉప్మా. ఈ సీసా మమ్మల్ని ఎంత ఆదుకున్నదో ముందు చెబుతాను.

కొలోన్

డిసెంబరు 22న లండనులో బయలుదేరి, బ్రస్సెల్స్‌లో రైలు మారి, అదే రోజు జర్మనీలోని కొలోన్ చేరాము. స్టేషను బయటికి అడుగుపెట్టగానే పెద్ద చర్చి మీద పడుతున్నట్లు కనిపిస్తుంది. 157 మీటర్ల ఎత్తు గోపురాలు. 1248లో పని మొదలుపెట్టి 1880లో ముగించారు. 632 ఏళ్ళు! మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్ళు పని ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద సామాను పైకి లాగే కొయ్య యంత్రం మాత్రం తరతరాలుగా అలాగే నిలబడి ఉండేదట. దాన్ని 1868లో గాని దించలేదు. ఇది చెబితే మా ఆవిడ, "తరువాత చూద్దాం లే అని మీరు పక్కన పెట్టిన పనుల్లాగా" అన్నది. అప్పటికి అది వేళాకోళమనే అనుకున్నాను.

చర్చి పక్కనే క్రిస్మసు సంత. అక్కడి సంతలు ఆ ఏడు 23తో ముగిశాయి. క్రిస్మసు నాటికి వెళ్ళి చూద్దామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వేడి పానీయం పింగాణీ కప్పులో ఇస్తారు. కప్పుకు కొంత సొమ్ము అదనంగా తీసుకుని, తిరిగి ఇస్తే వాపసు ఇస్తారు. మా ఆవిడ తిరిగి ఇవ్వలేదు. ఆ కప్పు ఇప్పుడు మా వంటింట్లో ఉన్నది. బంగాళాదుంప తురిమి కాల్చిన అట్లు, ఆపిల్ గుజ్జుతో పెడతారు. మన ఊతప్పానికి దూరపు చుట్టం. పిండిలో గుడ్డు కలిపే అలవాటు ఉన్నది గనుక పట్టింపు ఉన్నవారు అడిగి తినాలి.

వియన్నా

23 రాత్రి కొలోన్‌లో రాత్రి రైలెక్కి, 24 పొద్దున వియన్నాలో దిగాము. ఇద్దరికే ఒక గది, పై పడక, కింద పడక. కృష్ణా ఎక్స్‌ప్రెస్ రోజులు తలచుకుంటూ పడుకున్నాము.

ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. ఇంగ్లండులో 24 సాయంత్రం దాకా బజారు కిటకిటలాడుతూ ఉంటుంది గదా, అక్కడా అంతే అనుకున్నాను. ఆస్ట్రియాలో అసలు పండుగ 24 సాయంత్రమే. మధ్యాహ్నం నుంచే కొట్లు మూసుకుంటూ వస్తారు. మేము సెయింట్ స్టీఫెన్ చర్చి చూసి, రంగు పెంకుల కప్పును మెచ్చుకుని, తీరిగ్గా బయటికి వచ్చేసరికి వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. నాలుగు గంటలకల్లా చీకటి. కనిపించిన హోటళ్ళన్నీ మూతే. గదికి పోయి రవ్వ సీసా తీశాము. వియన్నా మహానగరంలో క్రిస్మసు ముందురోజు మా విందు కెటిలు ఉప్మా.

తిన్న తరువాత మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఏమండీ, ట్రాములు నడుస్తున్నాయి!" అన్నది. ఆ మాటలో అంత ఆశ్చర్యం ఎందుకో నాకు బోధపడలేదు. బయలుదేరాము. వియన్నా నడిబొడ్డును చుట్టి రింగ్ అనే రాచబాట ఉన్నది. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి పాత కోటగోడలు పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చి, ఆ జాగాలో వేయించిన బాట. 1, 2 నంబర్ల ట్రాములు దాని మీద నడుస్తాయి. రెండూ ఎక్కితే మామూలు టిక్కెట్టుతోనే ఆపెరా, పార్లమెంటు, నగర భవనం అన్నీ చూడవచ్చు. ట్రాములో మేమిద్దరం, ఎక్కడో వెనుక ఒక ముసలాయన. అంతే. ఇళ్ళ కిటికీల్లో దీపాలు.

అప్పుడు చెప్పింది. 1994 క్రిస్మసు. పిల్లవాడికి రెండేళ్ళు. నేను మూడు రోజులు ఏకబిగిన ఆసుపత్రిలో. 24 రాత్రి ఇంట్లో బాయిలరు ఆగిపోయింది. మరమ్మతు చేసేవాడు దొరకడు. కొట్లు లేవు, క్రిస్మసు రోజున బస్సు లేదు, రైలు లేదు. తెలిసినవాళ్ళ ఊరు పది మైళ్ళు. పిల్లవాడికి ఉన్న బట్టలన్నీ తొడిగి, గ్యాసు పొయ్యి నాలుగు వైపులా వెలిగించి, వంటింట్లో నేల మీద దుప్పటి పరుచుకుని రెండు రాత్రులు కూర్చున్నదట.

డాక్టరునై ఉండి, మూసిన గదిలో రాత్రంతా గ్యాసు పొయ్యి అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు జలదరించింది.

"ఫోను చేయలేదేం?" అన్నాను.

"మీరక్కడ ఎవరి ప్రాణం మీద ఉన్నారో, పిలిస్తే ఏమవుతుందో అని భయం."

"తరువాతైనా చెప్పలేదేం?"

"వచ్చి రాగానే నిద్రపోయారు. లేచాక, క్రిస్మసు ఎలా గడిచిందని మీరు అడగలేదు. మన పండుగ కాదు గదా!"

నా మాటే నాకు తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాటను ఉదారంగా అనేవాడిని. పండుగ మనది కాదు, నిజమే. కానీ ఊరంతా తలుపులు మూసుకుని ఇళ్ళల్లో కూర్చునే ఆ రెండు రోజులు మా ఇంట్లోకి కూడా వచ్చేవి. నేను ఇచ్చేస్తూ వచ్చినది నా సెలవు ఒక్కటే కాదు, ఆవిడ సెలవు కూడాను. ఆవిడను ఒక్కసారైనా అడిగి ఇవ్వలేదు. ట్రాము రింగు చివరికి వచ్చింది. దిగి, ఎదురు వైపు ట్రాము ఎక్కి, మళ్ళీ తిరిగాము. ఆవిడ మిగిలిన క్రిస్మసులు కూడా ఒక్కొక్కటే చెప్పింది. నేను విన్నాను.

27న కళల మ్యూజియం చూశాము. 1891లో తెరిచిన భవనం. బ్రూగెల్ అనే చిత్రకారుడు 1565లో వేసిన మంచులో వేటగాళ్ళ బొమ్మ అక్కడ ఉన్నది. ముగ్గురు వేటగాళ్ళు తలలు వంచుకుని, అలసిన కుక్కలతో ఊళ్ళోకి తిరిగి వస్తుంటారు. దొరికినది ఒక్క నక్క. దిగువన గడ్డకట్టిన చెరువుల మీద జనం ఆడుకుంటుంటారు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఆ మధ్యవాడు డ్యూటీ దిగి వచ్చే మీలాగే ఉన్నాడు పాపం" అన్నది. ఆ "పాపం" విని నా మనసు కాస్త కుదుటపడింది.

శాకాహారులకు ఒక మాట. అక్కడ కూరగాయల సూపు అన్నా మాంసం నీళ్ళతో కాచవచ్చు. అడగాలి. వీధి మూలల్లో చెస్ట్‌నట్ గింజలు నిప్పుల మీద కాల్చి పొట్లం కట్టి ఇస్తారు. రుచి మన కాల్చిన చిలగడదుంపకు దగ్గర. చేతులకు వెచ్చదనం అదనం.

బుడాపెస్టు

వియన్నా నుంచి బుడాపెస్టు రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. కిటికీ సీటు ఆవిడదే. అక్కడ 1896లో తెరిచిన భూగర్భ రైలు ఇంకా నడుస్తున్నది. చిన్న చిన్న స్టేషన్లు, పింగాణీ పలకల గోడలు. దాని మీదే సెచెన్యీ స్నానశాలకు వెళ్ళాము. 1913లో కట్టినది. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు, ఆరుబయట పెద్ద కొలనులు. పైన గడ్డకట్టే చలి, నీళ్ళ మీద తెల్లటి ఆవిరి.

నేను గట్టు మీద జంకుతూ నిలబడ్డాను. మా ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చే ఈత దుస్తులు ముందే కొని, నాకు చెప్పకుండా పెట్టె అడుగున పెట్టింది. "కార్తీకమాసంలో తెల్లవారుజామున కృష్ణలో మునిగినదాన్ని, ఈ వేడినీళ్ళకు భయమా?" అని నాకంటే ముందు దిగింది. అరవై ఏళ్ళ మనిషి ఆ ఆవిరిలో పెద్దగా నవ్వడం విన్నాను. తువ్వాలు, రబ్బరు చెప్పులు వెంట తీసుకువెళ్ళండి. అక్కడ కొనాలంటే ఖరీదు.

మరునాడు పొద్దున, 30వ తేదీన, విమానంలో ఇంటికి తిరిగి వచ్చాము.

చివరి మాట

చలికాలం ప్రయాణానికి కావలసినవి ఎక్కువేమీ లేవు. మందమైన ఒక్క కోటు కంటే పలుచటి ఉన్ని బట్టలు రెండు మూడు పొరలు మేలు. జారని బూట్లు ఉండాలి. పొద్దు తక్కువ గనుక రోజుకు రెండు చోట్ల కంటే పెట్టుకోకూడదు. 24 మధ్యాహ్నానికి ముందే తిండి కొని పెట్టుకోవాలి. రవ్వ సీసా మరవకూడదు.

ఇంకొక మాట ఈ సంఘంలోని యువ డాక్టర్లకు, అన్ని వేళలా పనికి కట్టుబడిన ఇతర ఉద్యోగులకు. డ్యూటీ మానమని నేను అనను. ఎవరో ఒకరు చేయాలి, మన వంతు మనం చేయాలి. కానీ కాగితం మీద పేరు వ్రాసే ముందు ఆ రోజు ఇంటికి ఫోను చేసి అడగండి. నేను ఆ ఫోను 33 ఏళ్ళు ఆలస్యంగా చేశాను. మాలో ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

వచ్చే క్రిస్మసు రోజుల్లో ఊళ్ళో ఉంటే మా ఇల్లు తెరిచే ఉంటుంది. భర్త డ్యూటీలో ఉండి, లేదా భార్య డ్యూటీలో ఉండి, పిల్లలతో ఒంటరిగా ఉన్నవారెవరైనా మొహమాటం లేకుండా రండి. కారు లేకపోతే నేనే వచ్చి తీసుకువస్తాను. భోజనం మా ఆవిడ చేతి వంట. ఆ రోజున కెటిలు ఉప్మా మాత్రం పెట్టము.