కాంక్రీటులోనికి నీరు ఎట్లు చొచ్చును?

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనదికి దక్షిణపు గట్టున, కిషన్‌బాగ్ అను పేట కలదు. ఉత్తరమున నది, దక్షిణమున మీరాలం చెరువు, నడుమ ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన కాంక్రీటు ఇండ్లు. వానకాలమున ఇట్టి పేటలోని ఇంటికి మూడు వైపుల నుండి నీరు తగులుటకు అవకాశము గలదు. కప్పుపై వాన, గోడప్రక్క వరద, పునాదిక్రింద ఊట. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన పెద్దవరద నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అయినను 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన కుంభవృష్టికి హిమాయత్‌సాగర్ తలుపులెత్తవలసివచ్చెను. పాతబస్తీలోని పల్లపు పేటలు అనేకము నీట మునిగెను.

వరద తీసిన పిమ్మట బురద కడుగుదురు, గోడలకు సున్నము వేయుదురు, కొన్నాళ్ళకు మరచిపోవుదురు. కాని కంటికి కనబడిన నీరు పోయినంత మాత్రమున కాంక్రీటులోనికి చేరిన నీరు పోయినట్లు కాదు. కొన్ని యేండ్లకు స్తంభము మొదట సన్నని నిలువు పగులు కనిపించును. కప్పు అడుగున తుప్పురంగు మరక తేలును. ఒకనాడు అరచేయంత పెచ్చు ఊడిపడును. దాని క్రింద ఎవరును లేకున్న అదృష్టమే. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న ఇల్లు ఇట్లేల చెడును? దీనిని కాపాడుకొను ఉపాయమేమి?

నీరు లేనిదే కాంక్రీటు లేదు

సిమెంటు ఆరి గట్టిపడునని పలువురు తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనికముగ కలిసి గట్టిపడును. అందుచేతనే నీటి అడుగునకూడ కాంక్రీటు గట్టిపడగలదు. ఈ కలయికకు 100 కిలోల సిమెంటునకు సుమారు 23 కిలోల నీరు చాలును. పుట్టిన జిగురువంటి పదార్థపు సూక్ష్మరంధ్రములలో మరి 15 కిలోల నీరు చిక్కుకొని యుండును. అనగా 50 కిలోల సిమెంటు బస్తాకు 20 లీటర్లకు లోపు నీరు సరిపోవుచున్నది. అయితే అంత తక్కువ నీటితో మాలు కదలదు, చువ్వల సందులలోనికి దిగదు. కావున బస్తాకు 25 లీటర్లవరకు పోయుట వాడుక. తడి ఇసుకలోని నీటినికూడ ఈ లెక్కలో చేర్చవలయును. నూటికి ఐదుపాళ్ళ తడిగల ఇసుక 100 కిలోలు వేసినచో, దానితోడనే 5 లీటర్ల నీరు వచ్చి చేరుచున్నది.

చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, మాలు సులభముగ జారవలెనని పనివారు మరియొక బకెట్టు నీరు కుమ్మరింతురు. అధికముగ పోసిన నీరు సిమెంటుతో కలియదు. అది క్రమముగ ఆవిరియైపోవును. అది యున్న తావు మాత్రము సన్నని నాళముగ మిగిలిపోవును. కంటికగపడని ఇట్టి నాళములు కోటానుకోట్లు ఒకదానితోనొకటి కలిసి, వెలుపలి నీటికి దారులగును. సిమెంటు బరువుతో పోల్చినపుడు నీటిబరువు 0.45 వంతున్నచో, చక్కగా తడిపిన ఏడు దినములకు ఈ నాళములు పూడి తెగిపోవును. 0.5 వంతున్నచో 14 దినములు కావలయును. 0.6 వంతున్నచో ఆరు నెలలు, 0.7 వంతున్నచో ఒక సంవత్సరము పట్టును. అంతకుమించిన యెడల ఎంతకాలము తడిపినను అవి పూడవు. సంవత్సరముపాటు స్లాబును తడుపువారెవరు? ఆ ఒక్క బకెట్టు నీరు ఇంటి ఆయువునుండి తీసికొన్న అప్పు అనవచ్చును.

చెమ్మ పైకెట్లు ప్రాకును?

దీపపు వత్తిలో నూనె పైకెక్కుట అందరెరిగినదే. కాంక్రీటులోను, ఇటుకలోను నీరు అట్లే యెక్కును. నాళము ఎంత సన్ననిదైన నీరు అంత ఎత్తునకు పోవును. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధముగల గాజునాళములో నీరు సుమారు 15 మిల్లీమీటర్లు మాత్రమే యెక్కును. వ్యాసార్ధము అందులో నూరవవంతైనచో ఎత్తు నూరురెట్లు పెరుగును, అనగా ఒకటిన్నర మీటరు. వరదనీరు మోకాలిలోతు వచ్చి పోయిన ఇంట చెమ్మ నడుమెత్తువరకు కనబడుటకు కారణమిదియే.

ఎక్కిన నీరు ఊరకయుండదు. సిమెంటులో పుట్టిన సున్నమును కరగించి వెలుపలికి తెచ్చును. అచట గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఆ సున్నము సుద్దగా మారి తెల్లని పొడియై గోడపై నిలుచును. నేలలోని లవణములు గోడలోపల గడ్డకట్టునపుడు గచ్చును నెట్టి పొరలుగ రాల్చును. గోడపై తెల్లపొడి కనిపించినపుడు దానిని తుడిచివేయుట చికిత్స కాదు. లోపల నీరు నడచుచున్నదనుటకు అది గుర్తు.

ఇనుముకు కవచము

కాంక్రీటు ఒత్తిడికి గట్టిది, సాగుడుకు బలహీనమైనది. కావున అందులో ఉక్కుచువ్వలు వేయుదురు. బయట పడవేసిన చువ్వ నెలలోనే తుప్పుపట్టును గదా, లోపలిది ఏల పట్టదు? మంచి కాంక్రీటులోని తేమ గాఢమైన క్షారము. దాని పి.హెచ్. విలువ 12.5కు పైననే యుండును. ఇట్టి క్షారములో ఉక్కుపై అతిపలుచని ఆక్సైడు పొర యేర్పడి, తుప్పును అడ్డగించుచుండును. ఇదియే చువ్వకు కవచము.

ఈ కవచమును పోగొట్టు శత్రువులు రెండు. మొదటిది బొగ్గుపులుసు వాయువు. అది నాళములగుండ లోనికిపోయి సున్నమును సుద్దగా మార్చును. పి.హెచ్. 9కి దిగువకు పడును. అపుడు పొర చెడును. రెండవది ఉప్పు. ఉప్పునీటితో మాలు కలిపినచో, కాంక్రీటు క్షారముగ నున్నప్పటికిని, పొర అక్కడక్కడ తూట్లు పడును. కవచము పోయిన చువ్వకు నీరు, ఆమ్లజని రెండును తగిలినపుడు తుప్పు పుట్టును. తుప్పు పుట్టిన ఇనుముకంటె రెండునుండి ఆరురెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. అంత ఒత్తిడికి తాళలేక పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చుగ ఊడును.

పూర్తిగ నీట మునిగియున్న కాంక్రీటులోనికి వాయువు సులభముగ చొరలేదు. బాగుగ ఆరిన కాంక్రీటులో తుప్పుకు వలసిన నీరుండదు. ఒకమారు తడియుచు, ఒకమారు ఆరుచునుండు కాంక్రీటునకే ముప్పు ఎక్కువ. నదీతీరపు ఇండ్ల స్తంభముల మొదళ్ళు, నీటితొట్ల అంచులు, స్నానపుగదుల అడుగు స్లాబులు మొదట చెడుటకు హేతువిదియే.

ఒక చిన్న లెక్క

బొగ్గుపులుసు వాయువు లోనికిపోవు లోతు, కాలముయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. ఒకానొక నాసి కాంక్రీటులో నాలుగేండ్లకు 10 మిల్లీమీటర్లు పోయినదనుకొనుడు. 20 మిల్లీమీటర్లు పోవుటకు ఎనిమిదేండ్లు కాదు, పదునారేండ్లు పట్టును. 30 మిల్లీమీటర్లకు ముప్పదియారేండ్లు. అనగా చువ్వమీది కాంక్రీటు మందమును, అనగా కవరును, రెట్టింపు చేసినచో రక్షణకాలము నాలుగురెట్లగును. చువ్వక్రింద పెట్టవలసిన చిన్న కవరు బిళ్ళను మరచుటవలన ఎంత నష్టమో దీనినిబట్టి తెలియును. భారత ప్రమాణము 456 (2000వ సంవత్సరపు కూర్పు) ననుసరించి కవరు సాధారణ పరిస్థితులలో 20 మిల్లీమీటర్లు, వానకు తగులు చోట 30, పెనువానకును తడి-పొడి మార్పులకును లోనగు చోట 45 మిల్లీమీటర్లు ఉండవలయును. పునాదిలో 50 మిల్లీమీటర్లకు తక్కువ పనికిరాదు.

మురుగునీటి కీడు

నిలువయున్న మురుగునుండి కుళ్ళిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వెలువడును. అది కాలువకప్పు అడుగున చెమ్మలో కరగును. అచట నివసించు కొన్ని సూక్ష్మజీవులు దానిని గంధకామ్లముగ మార్చును. ఆ ఆమ్లము సిమెంటును తినివేసి మెత్తని జిప్సముగ చేయును. మురుగుగొట్టములో నీటిలో మునిగిన భాగముకంటె పైకప్పే ముందుగ చెడుట ఇందువలననే. మురుగు నిలువకుండ వాలు నిచ్చుట, గాలి ఆడునట్లు గొట్టము పెట్టుట, ఆమ్లమునకు తాళు పూత వేయుట దీనికి మందులు. నేలలో గంధకితములు హెచ్చుగ నున్నచోట బూడిద కలిసిన సిమెంటు గాని, కొలిమిచిట్టెము కలిసిన సిమెంటు గాని మేలు. అవి సిమెంటులోని సున్నముతో కలిసి, నాళములనుకూడ పూడ్చును.

మీరాలం కట్ట చెప్పు పాఠము

కిషన్‌బాగ్‌నకు చేరువనున్న మీరాలం చెరువుకట్ట 19వ శతాబ్ది ఆరంభమున హైదరాబాదు దివానైన మీర్ ఆలం కాలమున కట్టబడినది. అది ఇరువదియొక్క అర్ధవలయపు కమానుల వరుస. కమానుల కుంభాకారపు వైపు నీటికి ఎదురుగ నున్నది. నీరు ఎంత త్రోసిన రాళ్ళు అంతగ ఒకదానినొకటి అదుముకొనును. రెండువందల యేండ్లుగ నీటిని తాకుచుండియు అది నిలిచినదని చెప్పి, పాతదంతయు మంచిది, కొత్తదంతయు చెడ్డది అనుట తగదు. అసలు భేదమేమనగా, ఆ కట్టడము ఒత్తిడిచేతనే నిలుచును. సాగుడును భరించుటకు చువ్వల అవసరము దానికి లేదు. చువ్వ లేనిచోట దాని తుప్పును లేదు. నేటి స్లాబుకు ఇనుము తప్పదు. కావున ఇనుమును కాచుటయే నేటి కట్టడపు రక్షణ.

కట్టునపుడు, కట్టిన పిమ్మట

కట్టునపుడు చేయవలసినవి ఐదు. నీటిని బకెట్ల అంచనాతో కాక, కొలిచి పోయవలెను. త్రాగదగిన నీటినే వాడవలెను. కవరు బిళ్ళలు తప్పక పెట్టవలెను. మాలును కంపనయంత్రముతో కుదించి గాలిబుడగలు పోగొట్టవలెను. తుదకు, స్లాబుపై చిన్న గట్లు కట్టి నీరు నిలుపవలెను. సాధారణ సిమెంటునకు కనీసము ఏడు దినములు, బూడిద కలిసిన సిమెంటునకును ఎండ తీవ్రముగ నున్నపుడును కనీసము పది దినములు తడుపవలెను. కప్పునకు నూరు అడుగులకొక అడుగు వంతున వాలు, పిట్టగోడ అడుగున పెద్ద తూములు, పునాదికి గోడకు నడుమ చెమ్మనాపు పొర ఉండవలయును.

కట్టిన ఇంటికి చికిత్స వేరు. మొదట నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొని ఆ దారిని మూయవలెను. పూత నీరు తగులు వైపున వేసిననే ఫలము. తొట్టి కారుచున్నపుడు బయటి గోడకు రంగు వేయుట వ్యర్థము. వరదలో తడిసిన గోడ ఆరకముందే నీరు చొరని రంగు వేసినచో చెమ్మ లోపలనే బందీయగును. తుప్పుపట్టిన చువ్వపై మాలు మెత్తి కప్పివేయుట పుండుపై పట్టీవేసి మరచుట వంటిది. పెచ్చు వదులైన కాంక్రీటును పూర్తిగ తొలగించి, చువ్వ చుట్టును తుప్పు గీకి, రక్షణపూత వేసి, అతుకుకొను మాలుతో నింపవలెను. స్తంభమునకు, దూలమునకు ఈ పని చేయునపుడు ఇంజనీరు సలహాయు, తగిన ఆధారపు పోట్లును లేక తాకరాదు.

పాఠశాలలో పరీక్ష

ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలో కంటికి చూపవచ్చును. పాత కట్టడమునుండి రాలిపడిన మందపాటి కాంక్రీటు పెచ్చును తెచ్చి, పెద్దల పర్యవేక్షణలో, కండ్లకు అద్దములు పెట్టుకొని సుత్తితో పగులగొట్టవలెను. క్రొత్తగ పగిలిన ముఖముపై ఫినాల్‌ఫ్తలీన్ ద్రావణమును చల్లవలెను. క్షారము మిగిలియున్న భాగము ముదురు గులాబివన్నె దాల్చును. వాయువు ప్రవేశించి సుద్దయైన భాగము రంగులేక యుండును. రంగులేని పొర ఎంత మందమో కొలబద్దతో కొలిచి, కట్టడపు వయసుతో పోల్చినచో, పైని చెప్పిన వర్గమూలపు లెక్కను విద్యార్థులే వేసి చూచుకొనవచ్చును. ఆ పొర చువ్వవరకు చేరినదా, ఇంకను చేరలేదా అన్నదే ఆ ఇంటివారికి కావలసిన ముఖ్య సమాచారము. చేరకముందు జాగ్రత్తపడిన ఖర్చు స్వల్పము. చేరిన పిమ్మట అది పలురెట్లగును.